తాబేలు కళ్లు తెరవకపోతే ముందు తొట్టెను చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు జంతువుల శీర్షికలకు వచ్చే ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. 'మా తాబేలు నాలుగు రోజులుగా కళ్లు తెరవడం లేదు. రెప్పలు ఉబ్బాయి. తిండి మానేసింది. ఏ చుక్కలు వేయాలి?' జవాబులూ ఒకే తీరులో వస్తాయి: ఫలానా చుక్కలు, రోజుకు మూడుసార్లు, వారం రోజులు. ఆ వారం గడిచేసరికి తాబేలు ఇంకాస్త చిక్కుతుంది, కళ్లు మాత్రం అలాగే ఉంటాయి. అడిగినవాళ్లది తప్పనలేం. కళ్లు ఉబ్బితే కంటి మందే ఎవరికైనా గుర్తొస్తుంది. కానీ తాబేలు కంట్లో కనిపించే జబ్బు చాలాసార్లు తిండిలోనో, నీళ్లలోనో, తలపై వేలాడే దీపంలోనో మొదలవుతుంది. అది అలాగే ఉండగా పైన ఎన్ని చుక్కలు పోసినా అవి కారిపోవడమే. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు మందు పేరు అచ్చువేసే ముందు ఆ మూడింటి గురించి తిరిగి అడగాలని మనవి. ఎందుకో వివరంగా చెబుతాం.

ముందు జబ్బు కానివాటిని పక్కన పెడదాం. గట్టెక్కి, దీపం కింద కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకున్న తాబేలు వెచ్చదనం కాచుకుంటోంది, అంతే. నీళ్లలోకి జారగానే కళ్లు విప్పితే ఏ బాధా లేదు. నీళ్లలో ఈదుతూ కూడా మూసుకునే ఉంటే, మనిషి నీడ పడినా రెప్ప కదపకపోతే అనుమానించాలి. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే ఎర్రచెవుల తాబేలు కంట్లో పాపకు అటూ ఇటూ అడ్డంగా ఒక నల్లటి గీత ఉంటుంది. ముఖం మీది చారలు కంట్లోంచి కూడా సాగినట్టు కనిపించే ఆ గీతను గాయమనుకుని కంగారుపడేవాళ్లున్నారు. కొన్ని జాతుల బాక్స్ తాబేళ్లలో మగవాటి కంటిపాప చుట్టూ ఎర్రగా ఉండటం సహజంగా ఉండే రంగే, కండ్లకలక కాదు. మెట్ట తాబేలు కంటి కింద కాస్త తడి కనిపించినా భయపడక్కర్లేదు. మనకు కన్నీళ్లు కంటి మూల నుంచి ముక్కులోకి దిగే సన్నని గొట్టం ఉంది. తాబేళ్లకు అది లేదు. కన్నీళ్లు రెప్ప మీదుగా పొర్లి ఆరిపోవాల్సిందే. ఆ తడి చిక్కబడి తీగ సాగినా, నురగ కట్టినా అది వేరే సంగతి.

తర్వాత చూడాల్సింది ఒక కన్నా, రెండు కళ్లా అన్నది. ఒక్కటే మూసుకుపోతే సాధారణంగా దెబ్బ తగిలి ఉంటుంది: తోటి తాబేలు గోరో కాటో, ఇసుక రేణువు, గడ్డిపోచ, రెప్ప కింద గడ్డ. రెండూ ఒకేసారి ఉబ్బితే ఒంటికంతటికీ తగిలే కారణం వెతకాలి, అంటే పైన చెప్పిన మూడు. ఈ గుర్తు నూటికి నూరుపాళ్లూ నిజం కాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. కంటి వెనక, చెంప పక్కన ఉండే గుండ్రటి చెవి పొర ఉబికి వచ్చినప్పుడు కూడా 'కన్ను వాచింది' అనే చెబుతారు. అది మధ్య చెవిలో లేచిన గడ్డ. దాన్ని కోసి, లోపలి గట్టి ముద్దను తీయించాలి. చుక్కలతో తగ్గదు.

రెండు కళ్లూ ఉబ్బిన పిల్ల తాబేలులో మొదట అనుమానించాల్సింది విటమిన్ ఏ లోపాన్ని. గుడ్డులోని పచ్చసొన నుంచి తెచ్చుకున్న నిల్వ పిల్ల కాలేయంలో ఉంటుంది. అది సుమారు ఆరు నెలలు లాక్కొస్తుంది. అందుకే తొలి నెలల్లో ఏం పెట్టినా తాబేలు చలాకీగానే తిరుగుతుంది, తర్వాత ఉన్నట్టుండి రెప్పలు బరువెక్కుతాయి. 'ఇన్నాళ్లూ ఇదే తిండి, ఏమీ కాలేదే' అన్న మాట అక్కడి నుంచే వస్తుంది. ఇన్నాళ్లూ అది తిన్నది మనం పెట్టిన విటమిన్ కాదు, తల్లి ఇచ్చినది.

ఒంటి లోపలి పొరలను మెత్తగా, తడిగా ఉంచడం విటమిన్ ఏ చేసే పనుల్లో ఒకటి. అది కరువైతే కన్నీటి గ్రంథుల నాళాల్లో, రెప్ప లోపలి పొరలో ఉండే మెత్తటి కణాలు చర్మం పైపొరలాగా పొలుసుబారతాయి. ఊడిన పొలుసులు నాళాలకు అడ్డుపడతాయి. ఊట బయటికి రాక గ్రంథి ఉబ్బుతుంది, రెప్ప కింద చెత్త పేరుకుంటుంది, ఆ చెత్త మీద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. మనకు కనిపించేదీ, యాంటీబయోటిక్ చుక్కలు తాకేదీ ఈ ఆఖరి అంకాన్నే. పైన జరిగినదంతా చుక్కలకు అందదు. పొలుసుబారడం కంటి దగ్గర ఆగదు కూడా. ముక్కు, శ్వాసనాళాలు, మధ్య చెవి, మూత్రపిండాల నాళాలు వరుసగా దెబ్బతింటాయి. ఈ రోజు కళ్లు ఉబ్బిన తాబేలుకు తర్వాత ముక్కు కారినా, చెవి గడ్డ లేచినా అది కొత్త జబ్బు కాదు, అదే జబ్బు ఇంకో గదిలోకి వెళ్లింది.

ఈ లోపం తెచ్చే తిండి ఏదో చెప్పడం కష్టం కాదు. ఎండు రొయ్యలే మూడు పూటలా. ఉత్త కండ మాంసం ముక్కలు. పాలిపోయిన లెట్యూస్. పొలంలోనో దుకాణంలోనో దొరికిన పురుగులు ఒక్కటే. ఎండు రొయ్యల డబ్బా మీద తాబేలు బొమ్మ ఉన్నంత మాత్రాన అది భోజనం కాదు, చిరుతిండి. నీటి తాబేళ్ల కోసం తయారుచేసిన మంచి గుళికలు ప్రధాన ఆహారం కావాలి. పిల్లకు రోజూ దాని తలకాయంత పరిమాణం, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి అదే పరిమాణం. విటమిన్ ఏ గాలికీ వెలుతురుకూ పాడవుతుంది కాబట్టి కొన్ని నెలల్లో అయిపోయే చిన్న డబ్బా కొని, మూత బిగించి చీకట్లో దాచాలి. చవకగా వస్తుందని ఏడాదికి సరిపడా కొన్న పెద్ద సంచి చివరికొచ్చేసరికి వాసన తప్ప సారం మిగలదు. గుళికలతో పాటు ముదురు ఆకుపచ్చ ఆకులు, తురిమిన క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప పెట్టవచ్చు. వీటిలోని బీటా కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంత మేరకే విటమిన్ ఏగా మార్చుకుంటుంది, ఎక్కువైందన్న భయం లేదు. అయితే మాంసం తినే నీటి తాబేళ్లను ఆకులకే వదిలేయకూడదు. అప్పుడప్పుడు పేగులూ కాలేయంతో సహా చిన్న చేప పెడితే సిద్ధంగా ఉన్న విటమిన్ అందుతుంది. మెట్ట తాబేళ్ల సంగతి వేరు. ఆకులు, గడ్డి మీదే బతికే వాటికి ఈ లోపం అరుదు. వాటి కళ్లు ఉబ్బితే విటమిన్ అనుకోవడానికి ముందు మిగతా కారణాలన్నీ వెతకాలి.

ఇంత చెప్పాక చాలామంది చేసే పని విటమిన్ సీసా కొనుక్కురావడం. దయచేసి ఆగండి. విటమిన్ ఏ ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోదు, కాలేయంలో పేరుకుంటుంది. ఇంజెక్షన్ మోతాదు మించితే కొన్ని రోజుల్లో మెడ మీదా కాళ్ల మీదా చర్మం ఎండి, బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడి పచ్చి మాంసం బయటపడుతుంది. అది కంటి వాపు కంటే ప్రమాదం. లోపం లేని మెట్ట తాబేలుకు 'ముందు జాగ్రత్త'గా పొడిచిన సూదితోనే ఇలాంటివి జరుగుతాయి. మోతాదు తాబేలును గ్రాముల్లో తూచాకే నిర్ణయించాలి, అదీ వైద్యుడే. చేప కాలేయ నూనె చుక్కలు రోజూ తిండి మీద వేయడం కూడా ఇదే దారి. ఇక తొట్టె నీళ్లలో కలపమని అమ్మే విటమిన్ ద్రావణాల నుంచి తాబేలు ఒంట్లోకి వెళ్లేది ఏమీ ఉండదు. నీళ్లను పాడుచేయడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

నీళ్ల గురించి. తాబేలు తిన్న చోటే విసర్జిస్తుంది, తిండిని ముక్కలు చేసి సగం నీళ్లలోనే వదులుతుంది. చేపల తొట్టెకు సరిపోయే ఫిల్టర్ దీనికి చాలదు. తొట్టె పరిమాణానికి రెట్టింపు, మూడు రెట్ల సామర్థ్యం రాసి ఉన్నది పెట్టాలి. డిప్ప పొడవు ప్రతి సెంటీమీటరుకూ 15 లీటర్ల నీళ్లు అన్నది పెంపకందారుల మోటు లెక్క. 20 సెంటీమీటర్ల తాబేలుకు 300 లీటర్లన్న మాట. ఇంత ఎక్కడ పెడతామని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: నీళ్లు తగ్గేకొద్దీ విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా చిక్కబడుతుంది, అది నేరుగా కంటి పొరను మంట పెడుతుంది. పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు అదే అమ్మోనియా ఇంకా కాటు వేస్తుంది. కంటికి హాని చేసే స్థాయిలో కూడా దాని వాసన మనకు తెలియదు. నీళ్లు అద్దంలా ఉండవచ్చు. చుక్కల పరీక్ష కిట్ ఒక్కటే నిజం చెబుతుంది: అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు.

శుభ్రం ఎక్కువై జరిగే నష్టం ఇంకా విచిత్రం. ఆదివారం తొట్టె అంతా ఖాళీ చేసి, రాళ్లు రుద్ది, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడుగుతారు. స్పాంజిలో కాపురముండి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు చచ్చిపోతుంది. బుధవారానికి అమ్మోనియా గిర్రున లేస్తుంది. గురువారం తాబేలు ముందుకాళ్లతో కళ్లు నలుపుకుంటుంది. 'మొన్ననే కదా కడిగాం, నీళ్ల తప్పు కాదు' అంటారు. కడగడమే తప్పు. వారానికి పావు వంతు నుంచి మూడో వంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టాలి. బ్యాక్టీరియా మళ్లీ పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని గుర్తుంచుకుంటే స్పాంజిని అంత తేలిగ్గా కుళాయి కింద పెట్టబుద్ధి కాదు. కొత్త నీళ్లను రోజంతా బయట ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది కానీ క్లోరమీన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లకు ఆ ఉపాయం పనిచేయదు. సోడియం థయోసల్ఫేట్ ఉన్న మందు దాన్ని విరగ్గొడుతుంది, అప్పుడు అమ్మోనియా విడుదలవుతుంది. దాన్ని తినడానికి బ్యాక్టీరియా బాగా పట్టిన ఫిల్టర్ ఉండాలి. అన్నీ తిరిగి ఆ స్పాంజి దగ్గరికే వస్తాయి.

చల్లని నీళ్లు కంటిని నేరుగా పాడుచేయవు, వేరే దారిలో పాడుచేస్తాయి. తాబేలుకు మనలా ఒళ్లు వేడెక్కి జ్వరం రాదు. వెచ్చని చోటు దొరికితేనే దాని రోగనిరోధక శక్తి మేలుకుంటుంది, పేగులు కదులుతాయి. పెద్ద స్లైడర్‌కు నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలు, పిల్లకు 26 నుంచి 28, ఎక్కి కూర్చునే గట్టు మీద 32 నుంచి 35 ఉండాలి. గట్టు పూర్తిగా పొడిగా ఉండాలి, పొట్ట కింది డిప్ప కూడా ఆరేలా. కళ్లు బాగాలేనప్పుడు నీళ్లను 27, 28 దగ్గర నిలపాలి. థర్మామీటర్ లేకుండా చేత్తో ముట్టుకుని 'వెచ్చగానే ఉంది' అనుకోవడం లెక్కలోకి రాదు. మన చెయ్యి 33 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి 22 కూడా 'కాస్త చల్లన' అంతే.

మూడోది దీపం. దీని గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే కొత్త యూవీబీ దీపం బిగించిన ఒకటి రెండు రోజుల్లో కళ్లు మూసుకుపోతే, తిండీ నీళ్లూ ఏమీ మారకపోయి ఉంటే, ముందు ఆ దీపం ఆర్పేయండి. వెల్డింగ్ మంట చూసినవాళ్ల కళ్లకు ఏమవుతుందో తాబేలు కళ్లకూ అదే జరుగుతుంది. కారణాలు కొన్ని ఉన్నాయి. దీపం మరీ దగ్గరగా ఉండటం. పైనుంచి కాకుండా పక్క నుంచి కొట్టడం: సూర్యుడు ఎప్పుడూ నెత్తి మీద ఉంటాడు కాబట్టి పై రెప్పా, కంటి పై ఎముకా నీడ ఇస్తాయి. పక్క నుంచి వచ్చే కాంతికి ఏ అడ్డూ లేదు. సరిగా తయారుకాని దీపం తక్కువ తరంగదైర్ఘ్యపు కిరణాలు వదలడం. పాదరస ఆవిరి దీపం బయటి గాజు పగిలినా వెలుగుతూనే ఉండటం. వీటన్నిటికంటే ఘోరం ఇంకొకటి ఉంది. నీళ్లలో క్రిములను చంపడానికి వాడే యూవీసీ గొట్టాన్ని 'యూవీ దీపమే కదా' అని గట్టు మీద వేలాడదీయడం. అది 254 నానోమీటర్ల దగ్గర వెలిగేది, తాబేలుకు కావలసినది 290 నుంచి 315 మధ్య ఉండే యూవీబీ. ఆ గొట్టం తాబేలు కళ్లనే కాదు, గదిలోకి వచ్చిన మనిషి కళ్లనూ కాలుస్తుంది. డబ్బా మీద అక్షరం 'బీ'యో 'సీ'యో చదవండి.

దీపం కారణం కాకపోతే ఆర్పిన కొద్ది రోజుల్లో తేడా కనిపించదు, అదే కారణమైతే కళ్లు మెల్లగా విచ్చుకుంటాయి. ఆ తర్వాత వేరే దీపాన్ని తయారీదారు రాసిన దూరంలో, నెత్తి మీదుగా, నీడలోకి తప్పుకోవడానికి చోటు ఉంచి బిగించాలి. మధ్యలో గాజు మూత పెడితే యూవీబీ దాటదు, అప్పుడు దీపం ఉన్నా లేనట్టే.

ఇప్పుడు ఉబ్బిన కన్ను దగ్గరికి వద్దాం. రెప్పను బొటనవేలితో కాస్త కిందికి లాగితే సందులో పసుపు తెలుపు కలిసిన నూకంత ముక్క కనిపించవచ్చు. అది చీము. మన చీములా పలచగా కారదు, జున్నుముక్కలా గట్టిగా ఉంటుంది. చీమును కరిగించే ఎంజైములు తాబేలు తెల్ల రక్తకణాల్లో కొరవడటమే దానికి కారణం. అందుకే దానంతట అది బయటికి రాదు, దాని మీద పోసిన మందు కింద ఉన్న కంటిని చేరదు. అలాగని పట్టకారుతో పీకకూడదు. అది కొన్నిసార్లు నల్లగుడ్డు పొరకు అంటుకుని ఉంటుంది, లాగితే పొర కూడా వస్తుంది. మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్‌ను గోరువెచ్చగా చేసి, సూది తీసేసిన సిరంజితో ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా ధారగా పోయాలి. రోజుకు రెండుసార్లు, కంటికి ఐదు మిల్లీలీటర్లు చాలు. నాని వదులైన ముక్క రెండో రోజో మూడో రోజో ధారతో జారిపోతుంది. జారకపోతే వైద్యుడు మత్తు చుక్క వేసి తీస్తాడు. కాంటాక్ట్ లెన్సుల ద్రావణం సెలైన్ కాదు, దాంట్లో నిల్వ మందులు ఉంటాయి. టీ డికాషన్, తేనె, బోరిక్ పొడి వద్దు. తెరిచిన సెలైన్ సీసాను మర్నాటికి దాచుకోవద్దు. తాబేలును ఉప్పు నీళ్లలో గంటల తరబడి ఉంచే చిట్కా కంటిని బాగుచేయదు, ఇప్పటికే తిండి లేక ఎండిన ఒంటిని ఇంకా ఎండగడుతుంది.

చుక్కల మందు విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన సీసా సగం మిగిలి ఉంటుంది, చేతికి ముందు అదే వస్తుంది. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా కింద పెట్టేయండి. ఇవి స్టెరాయిడ్లు. యాంటీబయోటిక్‌తో కలిపి అమ్ముతారు కాబట్టి 'ఇన్ఫెక్షన్ మందే' అనిపిస్తుంది. ఎరుపు గంటల్లో తగ్గుతుంది, బాగుపడిందనిపిస్తుంది కూడా. కానీ నల్లగుడ్డు మీద చిన్న పుండు ఉంటే స్టెరాయిడ్ దాన్ని మానకుండా ఆపుతుంది, పుండు లోతుకు దిగుతుంది. చివరికి కంట్లో పువ్వు వేయడమో, కన్ను చితకడమో. పుండు ఉందో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. వైద్యుడు ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు అంటించి నీలి కాంతిలో చూస్తే పుండు ఉన్న చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష. స్టెరాయిడ్ లేని యాంటీబయోటిక్ చుక్కలు అవసరమో, ఏవో ఆ పరీక్ష తర్వాతే తేలాలి.

రాసిచ్చిన మందు వేయడం కూడా ఒక పనితనమే. తలను వేళ్లతో పట్టి లాగకూడదు. డిప్పను రెండు పక్కలా పట్టుకుని ముందు వైపు కాస్త కిందికి వంచి, ఇంకొకరు వెనక కాళ్లను మెల్లగా లోపలికి నెడితే తల దానంతట అది బయటికి వస్తుంది. డిప్ప లోపల ఉన్న చోటు అంతే మరి, వెనక నిండితే ముందు ఖాళీ కావాలి. అయినా ముడుచుకునే ఉంటే మూసిన కంటి ముందు మూలలో చుక్క వేసి ఒక నిమిషం కదలకుండా ఉంచండి. రెప్ప ఒక్కసారి కదిలితే మందు లోపలికి పోతుంది. సీసా మొన కంటికి తగలకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను ముందు అరచేతిలో పట్టుకుని చలి వదిలించండి. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే ఆఖరున. తర్వాత అరగంట నుంచి గంట వరకు తాబేలు నీళ్లలోకి పోకూడదు. తువ్వాలు పరిచిన డబ్బాలో, 28 డిగ్రీల వెచ్చదనంలో, కళ్లలోకి దీపం కొట్టకుండా ఉంచాలి. ఈ మాట విని కొందరు రోజంతా పొడిగా ఉంచేస్తారు. నీటి తాబేలు, అందులోనూ పిల్లది, అలా ఉంటే ఎండిపోతుంది. గంట తర్వాత తిరిగి నీళ్లలోకి, కానీ లోతు డిప్ప ఎత్తుకు మించకుండా: కళ్లు కనపడని, నీరసించిన తాబేలు నిలబడి మెడ చాపితే ముక్కు బయటికి రావాలి.

తిండి మానేయడం గురించి భయపడేవాళ్లు సరిగ్గానే భయపడుతున్నారు. తాబేలు తిండిని చూసి వెళ్తుంది, కళ్లు మూసుకుపోతే వాసన ఒక్కటే మిగులుతుంది. నీటి తాబేలు నీళ్లలో తప్ప మింగలేదు కూడా. వేరే టబ్బులో వెచ్చని నీళ్లు పలచగా పోసి, ఘాటు వాసన ఉన్న చేప ముక్కనో నానిన గుళికనో ముక్కు కొనకు తగిలించి, అక్కడే పట్టుకుని ఉండాలి. కొరకడానికి అర నిమిషం పట్టవచ్చు. ముక్కు నొక్కి నోరు తెరిపించే ప్రయత్నం చేయకండి. మూడు రోజులకోసారి ఒకే తక్కెడ మీద, గ్రాముల్లో తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గితే ఇక ఇంట్లో చూసుకోవడం ఆపాలి, గొట్టంతో ఆహారం పట్టడం వైద్యుడి పని. కళ్లు లోపలికి గుంటలు పడి ఉంటే అది ఒంట్లో నీరు తగ్గిన గుర్తు. ఉబ్బిన కన్ను కంటే అది తొందర చేయాల్సిన విషయం.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కులోంచి బుడగలు, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలడం కంటి వాపుతో పాటు కనిపిస్తే ఊపిరితిత్తులకు పాకిందన్న మాట, ఆ రోజే తీసుకెళ్లాలి. తాబేలును నీళ్లలో కాకుండా తడి తువ్వాలు ఉన్న పొడి డబ్బాలో పెట్టి, చలి తగలకుండా తీసుకెళ్లండి. తొట్టె ఫొటో, దీపం డబ్బా, తిండి డబ్బా, నీళ్ల పరీక్ష అంకెలు వెంట ఉంటే వైద్యుడి సగం పని మీరే చేసినట్టు. విటమిన్ లోపమని తేలి, తిండి మారి, మందు సరిగ్గా పడుతున్నా వాపు తీయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. పొలుసుబారిన పొర పోయి కొత్తది రావాలి. మూడో రోజున 'గుణం లేదు' అని మందు మార్చకండి.

మెట్ట తాబేళ్లలో రెండు విషయాలు వేరుగా చెప్పాలి. కింద పరిచిన పొడి పరుపులోంచి రేగే దుమ్ము, పదునైన గడ్డి కంట్లో గుచ్చుకోవడం మామూలు గొడవ, ఆ పరుపు మార్చితే తీరుతుంది. ముక్కు కారుతూ, రెప్పలు ఉబ్బుతూ, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది మాత్రం మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియానో హెర్పిస్ వైరసో కావచ్చు. బయటికి ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా వీటిని మోయగలదు. కొత్త తాబేలును కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే పాత్రలతో ఉంచి, వేర్వేరు జాతులను ఎప్పటికీ కలపకపోవడమే ఇందులో జాగ్రత్త. శీతకాలం నిద్రపోయే జాతులను పెంచేవాళ్లు నిద్రచోటు 5 డిగ్రీల దగ్గర నిలిచేలా చూడాలి. సున్నాకు దిగితే కంటి లోపల గడ్డకట్టి దెబ్బతింటుంది. లేచాక తాబేలు గుండ్రంగా తిరుగుతూ, ఎదురుగా పెట్టిన ఆకును దాటిపోతుంటే అది చూడలేకపోతోంది. కొంత చూపు నెలల మీద తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు.

తాబేలుతో, దాని నీళ్లతో పనిచేసిన చేతులను సబ్బుతో కడుక్కోండి. ఆ నీళ్లను వంటింటి సింకులో పారబోయకండి. ఆరోగ్యంగా ఉన్న తాబేలు మీద కూడా సాల్మొనెల్లా ఉంటుంది, కంటి చికిత్స పేరుతో రోజుకు నాలుగుసార్లు పట్టుకుంటున్నప్పుడు ఈ మాట ఇంకా ముఖ్యం. ఐదేళ్లలోపు పిల్లలను ఆ పనికి దూరంగా ఉంచండి.

వయసు మీద పడ్డ తాబేలు నల్లగుడ్డు అంచున తెల్లటి విల్లులాంటి గీత వస్తుంది, అది చూపుకు అడ్డు రాదు, వదిలేయవచ్చు. కంటిపాప లోపలే తెల్లబడితే శుక్లం. చూపు పూర్తిగా పోయినా తాబేలు బతుకుతుంది. తొట్టెలో గట్టు, ఫిల్టర్, తిండి పెట్టే మూల ఒక్క అంగుళం కూడా కదపకూడదు, గట్టుకు ఎక్కే వాలు గరుకుగా ఉండాలి, తిండి ప్రతిసారీ అదే మూలలో, నీళ్లను వేలితో రెండుసార్లు తట్టాక పెట్టాలి. కొన్ని వారాలకు ఆ తట్టు వినగానే అది ఆ మూలకు ఈదుకుంటూ వస్తుంది.

ఇట్లు,
సరీసృపాల సంరక్షణలో ఉన్న కొందరు పాఠకులు